మేడంకు మా ఆల్బమ్ నచ్చలేదు

మేడం పోయారన్న మాట నాకు మొదటిసారి వినపడలేదు. అబిడ్స్‌లో ఒక సంగీత వాయిద్యాల దుకాణం ముందు నిలబడి, కొన్న కొద్దిరోజులకే పాడైన మైకు వైరు మార్చి ఇమ్మని వాదిస్తున్నాను. ఫోను మోగింది. మేడం తమ్ముడు. ఏదో చెప్పాడు. సరిగ్గా అప్పుడే పక్కన బస్సు ఆగింది, దాని వెనక ఆటోలన్నీ ఒక్కసారే హారన్లు కొట్టాయి. వినపడలేదండీ, మళ్ళీ చెప్పండి అన్నాను. మళ్ళీ చెప్పాడు. అప్పుడూ వినపడలేదు. దుకాణం లోపలికి, గిటార్లు వేలాడదీసిన గోడ దాకా వెళ్ళి ఇంకోసారి అడిగాను.

"అక్క పోయిందమ్మా," అన్నాడాయన. "పొద్దుగాల, దవాఖానల."

తోడబుట్టినదాన్ని పోగొట్టుకున్న మనిషి చేత ఆ మాట మూడుసార్లు చెప్పించాను. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. బస్సు మీద, హారన్ల మీద, ఎప్పుడూ నోరు మూయని ఈ ఊరి మీద. కాసేపటికి మేడం మీద కూడా వచ్చింది.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళ మంచితనం చెప్పడం మర్యాద. మేడం మంచితనం మీద నాకు సందేహం లేదు. కానీ ఆవిడ నన్ను విసిగించినంతగా నా బతుకులో ఇంకెవరూ విసిగించలేదు. ఆ విసుగు పక్కన పెట్టి ఆవిడ గురించి రాద్దామని రెండుమూడు రోజులు ప్రయత్నించాను. రాసినదంతా ఎవరో పరాయి మనిషి గురించి రాసినట్టు ఉంది. అందుకని ఉన్నదున్నట్టు చెప్తున్నాను.

మేడం మాకు చదువు చెప్పిన టీచరు కాదు. నాంపల్లిలో మా బ్యాండు ప్రాక్టీసు కోసం కిరాయికి తీసుకున్న మేడమీది గదికి ఓనరమ్మ. స్టేషన్ వెనక సందులో పాత ఇల్లు. కింద ఆవిడ ఒక్కరే ఉండేవారు. ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ట్రంక్ కాల్ బుక్ చేసుకుని జనం గంటలకొద్దీ కాచుకు కూర్చునే రోజుల్లో, లైను సరిగ్గా లేకపోతే ఈ వైపు మనిషి మాటను ఆ వైపుకు, ఆ వైపు మాటను ఈ వైపుకు తన గొంతుతో చేరవేసిన మనిషి. చేతులతో లైన్లు కలిపే పని పోయాక ఎంక్వైరీలో కూర్చున్నారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, ఊరందరి మాటలు విని విని ఇంట్లో కూడా ఇంకొకరి మాట వినే ఓపిక లేకపోయిందనేవారు. తమ్ముడికి బేగం బజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం. ఆయన రోజూ సాయంత్రం వచ్చి అక్కను చూసి వెళ్ళేవాడు. పాపం ఆయన చేత కూడా ఒక్కో మాట రెండేసి సార్లు చెప్పించేవారు. చెవుడు అనుకునేరు. ఆవిడ చెవులు మా అందరి చెవులకంటే బాగా పనిచేసేవి. సరిగ్గా పలకని మాటను విన్నట్టు ఒప్పుకోకపోవడం ఆవిడ పద్ధతి.

గది చూడ్డానికి వెళ్ళిన రోజు నేను ఆంటీ అని పిలిచాను. వెంటనే ఆపేశారు. ఎక్స్ఛేంజిలో అందరూ మేడం అనేవాళ్ళట, ఆ పిలుపయితేనే పలుకుతానన్నారు. అలా ఆవిడ మాకందరికీ మేడం అయ్యారు.

మేం వాయించేదాన్ని ఆల్టర్నేటివ్ రాక్ అంటారు. గిటార్లు గరగరమంటాయి, డ్రమ్స్ గుండెల మీద పడ్డట్టు ఉంటాయి, గొంతు వాటి మధ్య ఎక్కడో ఉంటుంది. శ్రవణ్ గిటారు వాయిస్తాడు, బాణీలూ అతనివే. ఫయాజ్ డ్రమ్స్. బేస్ వాయించే అతను మధ్యలో ఉద్యోగం దొరికి పుణె వెళ్ళిపోతే ఆ పని కూడా శ్రవణే నెత్తిన వేసుకున్నాడు. నేను పాటలు రాసి పాడతాను. అప్పటికే మమ్మల్ని బషీర్‌బాగ్‌లో ఒక అపార్ట్‌మెంటు సెల్లారు నుంచీ, ఖైరతాబాద్‌లో ఫయాజ్ స్నేహితుడి డాబా మీంచీ వెళ్ళగొట్టారు. చప్పుడు బాగా ఉంటుందని మేడంకు ముందే చెప్పాం. రైళ్ళ సప్పుడు కంటే ఎక్కువనా అని అడిగి, తాళంచెవి చేతిలో పెట్టారు.

మొదటి వారంలోనే మెట్లెక్కి పైకి వచ్చారు. తలుపు దగ్గర ఆవిణ్ణి చూడగానే ఫయాజ్ పుల్లలు కింద పెట్టేశాడు. ఇక్కడి నుంచి కూడా సామాను సర్దుకోవాల్సిందే అనుకున్నాం. ఆవిడ మా వాయిద్యాల వైపు చూడనే లేదు. నా వైపు చూశారు.

"సప్పుడు సరే. సప్పుడుకు నేనేం అంటలేను. గీ పిల్ల ఏం పాడుతుందో సమజైతలేదు. జరంత సేపటి నుంచి మెట్ల మీద కూసొని ఇంటున్న, ఒక్క మాట కూడ చెవిల పడ్తలేదు. అది తెలుగేనా?"

తెలుగే అన్నాను.

"మళ్ళ చెప్పు," అన్నారు.

ఆ 'మళ్ళ' అన్న మాటను తర్వాత ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆవిడ అందులో కోపం పెట్టేవారు కాదు, ఓదార్పూ పెట్టేవారు కాదు. లైను కలవలేదు, ఇంకోసారి ప్రయత్నించండి అన్నట్టు ఉండేది. అందుకే ఇంకా మండిపోయేది.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మా తాతగారు గుంటూరు నుంచి ఇక్కడికి గుమాస్తాగా వచ్చారు. మా ఇంట్లో మాట ఒకటి, బడిలో మాట ఒకటి. బడిలో 'వచ్చారు' అంటే నవ్వేవాళ్ళు. సెలవులకు గుంటూరు వెళ్ళి 'వచ్చిన్రు' అంటే అక్కడా నవ్వేవాళ్ళు. మాట చివరికి వచ్చేసరికి అది ఏ ఊరి మాటో తెలిసిపోతుంది కదా. అందుకని చివరికి రాకముందే మాటను మింగేయడం నాకు చిన్నప్పుడే అలవాటైంది. పెద్దయ్యాక గిటార్ల చప్పుడు దొరికింది. ఆ చప్పుడు కింద నేను ఏ యాసలో పాడుతున్నానో ఎవరికీ తెలియదు. నేను ఈ తరహా సంగీతం ఎంచుకోవడానికి అది కూడా ఒక కారణమని నాకు మేడం చెప్పేదాకా తోచలేదు.

ఆవిడ చెప్పడం కూడా గుచ్చినట్టే చెప్పారు. ఓ ఆదివారం ఆవిడతో అబిడ్స్ వెళ్ళాను. ఆదివారాలు ఫుట్‌పాత్‌ల మీద పరిచే పాత పుస్తకాల్లో ఆవిడ డిటెక్టివ్ నవలలు ఏరుకునేవారు. కొనేముందు అక్కడే నిలబడి ఆఖరి పేజీ చదివేవారు. హంతకుడెవరో తెలిశాక చదవడంలో ఏం సరదా ఉందని అడిగితే, చివర సరిగ్గా లేని పుస్తకం మోసుకుపోవడం దండగ అన్నారు. ఆ మాట వెనకే, నా వైపు తిరగకుండానే, నా సంగతి ఎత్తారు.

"నీవి మాటల తోకలు పోతున్నయి. మొదలు మంచిగనే ఉంటది. కొసకొచ్చేసరికి భయపడ్తవ్. వచ్చారు అంటవో వచ్చిన్రు అంటవో నీ ఇష్టం. ఏదో ఒకటి అను. నడుమల ఆపకు."

పుస్తకాల మధ్య, అంతమంది జనంలో నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంతకాలంగా ఎవరికీ తెలియదనుకున్నది ఆవిడ మెట్ల మీద కూర్చుని విని పట్టేసుకున్నారు.

మరుసటి వారం నుంచి ప్రాక్టీసుకు ముందు నన్ను పై మెట్టు మీద నిలబెట్టి పేపరు చదివించడం మొదలుపెట్టారు. తను కింద వంటింట్లో పని చేసుకుంటూ వినేవారు. కుక్కరు కూత వేసేది, సందులో కూరగాయల బండివాడు మైకులో అరిచేవాడు, స్టేషన్‌లో రైలు ఆలస్యమని చెప్పేవాళ్ళు. వీటన్నిటి మధ్య నేను బంగాళాఖాతంలో అల్పపీడనం గురించి చదవాలి. అర్థం కాకపోతే కింది నుంచి 'మళ్ళ' అని వినపడేది. గట్టిగా అరిచి చదివితే ఇంకా విసుక్కునేవారు. అరిస్తే దగ్గరోళ్ళకు తలనొప్పి, దూరమోళ్ళకు రొద అనేవారు. మాటకూ మాటకూ నడుమ సందు ఉండాలట. ఎంత పాడు లైనులోనైనా ఆ సందులోంచి మాట దూరి బయటపడుతుందట. శ్రవణ్, ఫయాజ్ లోపల నవ్వుకుంటూ ట్యూనింగు చేసుకునేవాళ్ళు. ఇరవై దాటి ఎంతోకాలమైన దాన్ని, ఒక బ్యాండు పాటగత్తెను, బళ్ళో పిల్లలా పేపరు చదువుతున్నందుకు నాకు ఏడుపొచ్చేది. అయినా ఎందుకు చదివానో చెప్పలేను. బహుశా నా మాట అంత శ్రద్ధగా విన్నవాళ్ళు నాకు అంతకుముందు ఎవరూ లేరేమో.

మా మొదటి ఆల్బమ్ పేరు 'కిరాయి'. రికార్డు చేయడానికి అబిడ్స్‌లో ఒక పాత కాంప్లెక్సు పై అంతస్తులో చిన్న స్టూడియో దొరికింది. భజనలు, ఎన్నికల ఆటోలకు ప్రచారం మాటలు, బట్టల షాపుల ప్రకటనలు రికార్డు చేసే చోటు. గోడలకు మెత్తలు అతికించారు గానీ కింద రోడ్డు మీద పెళ్ళి ఊరేగింపు పోతే ఆ బాజా మా మైకులోకి వచ్చేది. కరెంటు పోయేది. జనరేటరు వేస్తే దాని గుర్రు ఇంకోలా వచ్చేది. గిటార్లు అయ్యాయి, డ్రమ్స్ అయ్యాయి. ఇక పాడటమే మిగిలింది. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని అద్దాల గదిలో నిలబడగానే గొంతు చిన్నదైపోయింది. మెట్ల మీద నేర్చుకున్నదంతా మెట్ల మీదే ఉండిపోయింది. ఒక రోజంతా పాడి, ఒక్క పాట కూడా పనికిరాకుండా చేశాను.

శ్రవణ్ నన్ను ఓదార్చాడు. "ఏం కాదు, గిటార్ల కింద పెట్టేస్తా. ఎవరికీ తెల్వదు," అన్నాడు. ఆ మాటకు నాకు హాయిగా అనిపించింది. హాయిగా అనిపించినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది. నాంపల్లి వెళ్ళి మేడం దగ్గర కూర్చుని ఇదంతా చెప్పాను. ఆవిడ స్టూడియో ఎక్కడని మాత్రం అడిగారు.

మర్నాడు మధ్యాహ్నం ఆటోలో దిగారు. లిఫ్టు పనిచేయడం లేదు. అప్పటికే ఆవిడకు ఆయాసం ఉంది. అన్ని మెట్లు ఎలా ఎక్కారో తెలియదు. వచ్చి ఒక కుర్చీలో కూలబడి, ఊపిరి తీసుకుని, నేను పాడిన పాట వినిపించమన్నారు. ఇంజనీరు హెడ్‌ఫోన్లు ఇస్తే ఒక్క చెవికే ఆనించుకుని విన్నారు. విని తీసేసి, గొంతును అంత అడుగున పెట్టింది ఎవరని అడిగారు.

శ్రవణ్ చాలా ఓపికగా చెప్పాడు. ఈ రకం సంగీతంలో గొంతు అట్లనే ఉంటుందని, అదీ ఒక ఇన్‌స్ట్రుమెంటు లాంటిదేనని, అన్నిటితో కలిసిపోవాలని.

"ఇన్‌స్ట్రుమెంటైతే మాటలెందుకు రాసిన్రు?" అన్నారు మేడం. "లాలాలా అనుకుంట పోకపోయిన్రా?"

శ్రవణ్‌కు కోపం వచ్చింది. పాత సినిమా పాటలు విన్న చెవులకు ఇది ఎక్కదన్నాడు. మేడం ఏమీ తగ్గలేదు. అసలు ఆ డ్రమ్ములన్నీ తీసేస్తే పాట బాగుపడుతుందన్నారు. అది మాత్రం అన్యాయమని ఫయాజ్ అడ్డం వచ్చాడు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఇంజనీరు గడియారం చూసుకుంటున్నాడు. నేను గోడకు ఆనుకుని నిలబడి ఎవరి వైపు మాట్లాడాలో తెలియక చూస్తున్నాను. మేడం ఉన్నట్టుండి నా వైపు తిరిగారు.

"నీ గొంతు గురించి వీళ్ళందరితోని నేను కొట్లాడుతున్న. నువ్వేమో గోడలెక్క నిలబడ్డవ్. నీకేం కావాలె?"

గొంతు పైకి రావాలి అన్నాను. అది కూడా సగమే వినపడి ఉంటుంది.

శ్రవణ్ నా వైపు చూసి, "ఇట్ల పాడితే పైకి ఎట్ల పెట్టాలె? పైకి పెడితే తప్పులే వినపడ్తయి," అన్నాడు.

అతన్ని మేడం తిడతారనుకున్నాను. తిట్టలేదు. "ఆ మాట నిజం," అన్నారు. ఆవిడ కూడా అటే మాట్లాడేసరికి నాకు ఇక ఎవరూ లేనట్టు అయింది. స్టూడియో వదిలి వెళ్ళిపోదామని సంచి తీసుకున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపి, హెడ్‌ఫోన్లు చూపించారు.

"అది ఒక్క చెవికి తీసెయ్. రెండు చెవులు మూసుకుంటే నీ మాట నీకెట్ల ఇనపడ్తది? మేం ఒక్క చెవికే పెట్టుకుంటుంటిమి. అవతలోళ్ళది ఇననీకి ఒకటి, మనది మనం ఇననీకి ఇంకోటి."

అద్భుతం ఏమీ జరగలేదు. ఒక చెవి విప్పుకుని పాడితే నా గొంతు గదిలోంచి నాకు తిరిగి వచ్చింది, అంతే. అది నాకు తెలిసిన గొంతే. దాన్ని పట్టుకుని నడవగలిగాను. అద్దాల గదిలోని వాళ్ళతో మాట్లాడటానికి ఇంజనీరు దగ్గర ఒక బటన్ ఉంటుంది. అది చూడగానే మేడం కుర్చీ దాని పక్కకు జరుపుకున్నారు. ఇక ఇంజనీరుకు ఆ బటన్ దక్కలేదు. సాయంత్రం దాకా నా చెవిలో 'మళ్ళ' అన్న మాట వస్తూనే ఉంది. ఒక పాట మధ్యలో నేను హెడ్‌ఫోన్లు విసిరికొట్టాను. ఆవిడ కాచుకుని, నేను వాటిని తీసి మళ్ళీ పెట్టుకున్నాక, అదే గొంతుతో అదే మాట అన్నారు. ఆ రోజు మూడు పాటలు అయ్యాయి. మిగిలినవి తర్వాత, ఆవిడ లేకుండానే, పాడుకున్నాను.

ఆల్బమ్ అప్పుడే వచ్చేసి ఉంటే ఈ వ్యాసం ఇలా ఉండేది కాదు. శ్రవణ్ మిక్సింగుకు కూర్చున్నాడు. కూర్చుని లేవలేదు. వానాకాలం పోయింది, చలి పోయింది, ఎండలు వచ్చాయి. నాకు పంపిన ప్రతిసారీ గొంతు కొంచెం కిందికి జారి ఉండేది. నేను పైకి పెట్టమనేదాన్ని. పెట్టి, గిటార్లు కూడా పెంచేవాడు. చెడ్డవాడు కాదు. అతని చెవిలో ఆ పాటలు అలాగే ఉన్నాయి. కానీ కింద మేడం ఆరోగ్యం రోజురోజుకూ తగ్గుతోంది. నేను కనపడగానే వచ్చిందా అని అడిగేవారు. లేదంటే మొహం తిప్పుకునేవారు. శ్రవణ్‌తో మీరొకసారి మాట్లాడండి, మీరంటే భయపడతాడు అని బతిమాలాను. ఒప్పుకోలేదు. నా గొంతు కాబట్టి నేనే అడగాలట. సాయం చేయగలిగి ఉండీ చేయని మనిషి మీద ఎంత కోపం వస్తుందో మీకు తెలుసు.

చివరికి నేనే అడిగాను. మేడమీది గదిలో, ఫయాజ్ ముందర, నా గొంతు పైన ఉంటేనే నా మాటలు ఆల్బమ్‌లో ఉంటాయి, లేకపోతే నా పాటలు నేను తీసుకుంటానని చెప్పాను. ఒక్క మాట చివర కూడా మింగలేదు. శ్రవణ్ గిటారు పెట్టెలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. కొన్ని వారాలు ఫోన్ ఎత్తలేదు. ఫయాజ్ మా ఇద్దరి ఇళ్ళ మధ్య తిరిగాడు. తర్వాత ఓ రోజు ఏ మాటా లేకుండా ఆఖరి ఫైళ్ళు వచ్చాయి. గొంతు పైన ఉంది. శ్రవణ్ ఆ సంగతి నాతో ఇప్పటికీ మాట్లాడలేదు.

మొన్నటి వానలు మొదలైనప్పుడు 'కిరాయి' బయటికి వచ్చింది. విన్నవాళ్ళు తక్కువ. వాళ్ళలో ఒకరు, పాడిన అమ్మాయి మాటలు మరీ స్పష్టంగా ఉన్నాయి, ఇది రాక్ కాదు అని రాశారు. అది చదివి నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. ఫోన్ పట్టుకుని నాంపల్లి వెళ్ళాను.

మేడం ముందు గదిలో మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నారు. పక్కన ఆక్సిజన్ మిషను. స్పీకర్లు తెచ్చాను, పెడతానన్నాను. వద్దన్నారు. ఫోన్ తీసుకుని కాల్ మాట్లాడినట్టు చెవికి ఆనించుకున్నారు. ఆల్బమ్ అంతా అలాగే విన్నారు. నేను ఎదురుగా కూర్చుని ఉన్నాను. నాకు ఫోన్ లోంచి సన్నటి రొద తప్ప ఏమీ వినపడటం లేదు. మధ్యలో చెయ్యి నొప్పి పుట్టి ఫోన్ ఇంకో చేతికి మార్చుకున్నారు, కానీ ఆపలేదు. ఆవిడ మొహంలో ఏదైనా కనపడుతుందేమోనని చూస్తూ కూర్చున్నాను. ఏమీ కనపడలేదు. అయిపోయాక ఫోన్ నా చేతికిచ్చారు.

"బాగలేదు," అన్నారు.

డ్రమ్ములు గిన్నెలు పడ్డట్టు ఉన్నాయన్నారు. పాటలు సాగదీశారన్నారు. ఆఖరిది పర్వాలేదన్నారు. "మూడో పాటల ఒక మాట మింగినవ్," అని కూడా అన్నారు. ఏ మాట అని అడిగితే చెప్పలేదు. నేనే వినాలట, నాకే తెలుస్తుందట.

అన్నాళ్ళ కోపం ఒక్కసారి పైకి వచ్చింది. మీకు ఈ సంగీతమే పడదు, నేను ఎలా పాడినా మీకు నచ్చదు, అలాంటప్పుడు ఇన్నాళ్ళు నన్నెందుకు ఇంత సతాయించారు అని అడిగేశాను. జబ్బు మనిషితో అలా మాట్లాడానని ఇప్పుడు మీకు అనిపించవచ్చు. ఆవిడకు అలా అనిపించలేదు. గొంతు సరిచేసుకుని, నెమ్మదిగా చెప్పారు.

"నచ్చుతదని నేనెప్పుడన్న? ఇనపడ్తుందా లేదా, గంతే నేను చూసింది."

"మరి వినపడిందా?"

"ఇనపడ్డది. ఇనపడ్డది కాబట్టే బాగలేదని చెప్తున్న. ఇనపడకపోతే ఏమని చెప్తుంటి?"

ఆ మాట విలువ నాకు ఆ రోజు తెలియలేదు. బాగుంది అన్న మాట కోసం వెళ్ళాను, అది దొరకలేదు, అంతే తోచింది. ఇంటికి వచ్చి మూడో పాట పెట్టుకుని విన్నాను. అందులో నాలుగు వరుసలే మళ్ళీ మళ్ళీ వస్తాయి.

ప్లాట్‌ఫారం చివర నిలబడ్డాను
పిలిచింది ఎవరో తెలియలేదు
వెనక్కి తిరిగి చూసే లోపే
రైలు నా పేరు తీసుకుపోయింది

ప్రతి మాటా నాకు వినపడుతూనే ఉంది. ఏది మింగానో తెలియలేదు. ఫయాజ్‌ను అడిగాను, అన్నీ ఉన్నాయన్నాడు. ఆ వారమంతా విని విని నా పాట మీద నాకే అసహ్యం పుట్టింది. ఆవిణ్ణే పట్టుకుని అడుగుదామని వెళ్ళేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. దవాఖానలో చేర్చారని పక్కింటివాళ్ళు చెప్పారు.

దవాఖానలో ఆవిడ ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టి ఉంది. నన్ను చూసి కళ్ళు పెద్దవి చేశారు. నేను వంగి, మూడో పాటలో ఏ మాట మేడం అని అడిగాను. ఆవిడ మాస్కు లోపల ఏదో అన్నారు. మిషను చప్పుడులో అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి అన్నాను. మళ్ళీ చెప్పారు. పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం బయటికి రావడం లేదు. నేను చెవి ఇంకా దగ్గర పెట్టాను. ఈలోపు నర్సు వచ్చి, పేషెంటు చేత మాట్లాడించవద్దని నన్ను బయటికి పంపించింది. తర్వాత ఇంకెవరినీ లోపలికి వెళ్ళనివ్వలేదు. ఆవిడ నాతో అన్న ఆఖరి మాట ఏమిటో నాకు తెలియదు. పాటలో మాటే అయి ఉండవచ్చు. మంచినీళ్ళు అడిగి ఉండవచ్చు. పాత లైన్ల రొదలోంచి ఎందరి మాటలో ఏరి అవతలికి చేరవేసిన మనిషి, తన మాట చేర్చడానికి ఎవరూ లేకుండానే పోయింది. నా బాధంతా ఇదే. దీనికి ఎవరిని తిట్టాలో కూడా తెలియడం లేదు.

దినాల రోజు మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను. భోజనాలయ్యాక బంధువులు ఒక్కొక్కరే లేచారు. ముందు గదిలో కొందరు ముసలివాళ్ళు మాత్రం కదలకుండా కూర్చున్నారు. అందరూ ఆడవాళ్ళే. మేడంతో ఎక్స్ఛేంజిలో పనిచేసినవాళ్ళని ఆవిడ తమ్ముడు చెప్పాడు. పైన పాట పాడే పిల్ల ఈమేనని నన్ను చూపించాడు.

వాళ్ళకు నా సంగతి ముందే తెలుసు. మా ఆల్బమ్ కూడా తెలుసు. మేడం ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, పక్కన తమ్ముడి ఫోన్‌లో పాటలు పెట్టి వినిపించి, ఎందుకు బాగలేవో వివరంగా చెప్పారట.

"మొత్తం ఇనిపించింది మాకు," అంది వాళ్ళలో ఒకావిడ. "పాట పెట్టుడు, తిట్టుడు. పాట పెట్టుడు, తిట్టుడు. ఫోన్ పెట్టనియ్యకపోయేది."

ఏ పాట బాగలేదన్నారని అడిగాను. అన్నీ అన్నారు. నాకు నవ్వొచ్చింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది. ఉండబట్టలేక, మూడో పాటలో నేను ఏ మాట మింగానో మీకేమైనా చెప్పారా అని అడిగాను. ఒకావిడ 'చూసే' అంది. ఇంకొకావిడ కాదు, 'పేరు' అంది. మూడో ఆవిడ, 'తెలియలేదు'లో చివరి అక్షరం పోయిందని తనకే అనిపించిందని చెప్పింది. వాళ్ళలో వాళ్ళు వాదించుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు ఫోన్‌లో తెగలేదట, ఇక్కడా తెగేట్టు లేదు. వాళ్ళలో అందరికంటే పెద్దావిడ, గోడ పక్కన కుర్చీలో ఉన్నావిడ, చెయ్యెత్తి అందరినీ ఆపింది.

"గీడనే ఉన్నది కదా పిల్ల. పాడమనున్రి, తెలుస్తది."

దినాల ఇంట్లో పాటేమిటని నేను మేడం తమ్ముడి వైపు చూశాను. ఆయన తల ఊపాడు. బయట సందులో ఎవరో సిమెంటు బస్తాలు దింపుతున్నారు. స్టేషన్ నుంచి మైకులో ఏదో రైలు గురించి చెప్తున్నారు. లోపల గిన్నెలు కడుగుతున్నారు. గిటారు లేదు, డ్రమ్స్ లేవు, నా గొంతు దాచుకోవడానికి ఏమీ లేదు. నిలబడి పాట అందుకున్నాను.

వాళ్ళు నా మొహం చూడలేదు. నేల వైపు చూస్తూ, తలలన్నీ ఒకే పక్కకు కొద్దిగా వంచి, వరసగా కూర్చుని విన్నారు.